ఆట ఇటుకల మహాసౌధములు

తడి ఇసుకను పాదముపై కప్పి, అరచేతితో అదిమి, పాదమును మెల్లగా వెనుకకు తీసి పిచ్చుకగూడు కట్టుట తెలుగు పిల్లలందరకు తెలిసిన ఆట. గూడు నిలిచినచో సంతోషము. కూలినచో మరల ప్రారంభము. ఆ పిల్లలే గూటిని ఇంటియంత చేయబూనినచో ఏమగును? ఇసుక అదే, తడి అదే, ఆకారము అదే. అయినను గూడు నిలువదు. కారణమేమి? ఈ ప్రశ్నను మనస్సునందుంచుకొని ఒక విచిత్రమైన ప్రదర్శనమును పరిశీలింతము.

ప్రపంచ ప్రసిద్ధములైన కట్టడములను పిల్లల ఆట ఇటుకలతో నిర్మించి మ్యూజియములలో చూపుట ఇటీవలి కాలమున పరిపాటియైనది. ఇట్టి ప్రదర్శనములలో రెండు పేర్కొనదగినవి. మొదటిది అమెరికా రాజధాని వాషింగ్టన్‌లోని నేషనల్ బిల్డింగ్ మ్యూజియమున 2010 జూలైలో ప్రారంభమై 2012 వరకు సాగినది. అందు పదునైదు కట్టడముల నమూనాలుండెను. రెండవది చికాగోలోని విజ్ఞాన పారిశ్రామిక మ్యూజియమున 2016లో ప్రారంభమైనది. దాని పేరునకు "ఇటుకపై ఇటుక" అని అర్థము చెప్పుకొనవచ్చును. రెండింటిలోని నమూనాలను నిర్మించినవాడు ఆడమ్ రీడ్ టక్కర్ అను చికాగో వాస్తుశిల్పి.

ఇట్టి ప్రదర్శనమును చూచి బాలబాలికలు మురియుట సహజము. కాని మ్యూజియము పేరులో విజ్ఞానమను మాట ఉన్నప్పుడు మురిపెముతో పని తీరదు. పిల్లవాడు అచ్చట ఏమి నేర్చుకొని ఇంటికి వచ్చును? కట్టడము ఎట్లు కనిపించునో నేర్చునా, లేక ఎట్లు నిలుచునో నేర్చునా? ప్రదర్శనము యొక్క గుణదోషములు ఈ ప్రశ్నకు వచ్చు సమాధానముపై ఆధారపడి యున్నవి.

ఇటుక కథ

డెన్మార్కు దేశమునందలి బిల్లుండ్ అను చిన్న ఊరిలో ఓలె కిర్క్ క్రిస్టియన్సెన్ అను వడ్రంగి 1932లో కొయ్యబొమ్మలు చేయ నారంభించినాడు. అతని సంస్థకు వచ్చిన లెగో అను పేరు "బాగుగా ఆడుకో" అను అర్థము గల రెండు డేనిష్ మాటల కలయిక. నేడు మనము చూచు ఇటుక రూపమునకు అతని కుమారుడు 1958 జనవరి 28వ తేదీన పేటెంటు కోరినాడు. ఇటుక పైభాగమున గుండ్రని బొడిపెలుండును. అడుగుభాగమున బోలు గొట్టములుండును. ఒకదానిపై నొకటి ఉంచి నొక్కినప్పుడు క్రింది ఇటుక బొడిపెలు పై ఇటుక గొట్టములకును గోడలకును నడుమ బిగుసుకొనును. జిగురు లేకయే పట్టు లభించును. గట్టిగా లాగినచో ఊడి వచ్చును.

ఈ చిన్న వస్తువులో గణితమునకు కొదువ లేదు. ఎనిమిది బొడిపెలు గల ఒకే రంగు ఇటుకలు రెండింటిని 24 విధములుగా కలుపవచ్చును. మూడైనచో 1,060 విధములు. ఆరు ఇటుకలనైనచో 91,51,03,765 విధములుగా కలుపవచ్చునని గణిత శాస్త్రజ్ఞులు లెక్కించిరి. కావున ఈ ఇటుకలను పిల్లల వస్తువని తీసివేయుట న్యాయము కాదు.

రూపము పలికినచోట

మొదట మంచిని చెప్పవలెను. ఆట ఇటుక మూలలు గల వస్తువు. మెట్లు మెట్లుగా పెరుగు రూపములు దానికి సహజములు. దుబాయిలోని బుర్జ్ ఖలీఫా ఎత్తు 828 మీటర్లు, 2010లో ప్రారంభమైనది. దాని పునాది పటము మూడు రెక్కలు గల నక్షత్రమువలె ఉండును. నడుమ నున్న స్తంభమునకు మూడు రెక్కలును ఊతములు. మెలితిరిగి పోకుండ ఆ రెక్కలను స్తంభము పట్టియుంచును. పైకి పోయినకొలది రెక్కలు ఒకదాని తరువాత ఒకటి మెట్లుగా తగ్గుచుండును. ఇది అందము కొరకు మాత్రమే చేసిన పని కాదు. ఎత్తైన కట్టడమునకు గాలి తగిలినప్పుడు ప్రక్కల సుడులు పుట్టి, ఒక క్రమములో విడివడి, కట్టడమును ఊయలవలె ఊపజూచును. ఒక్కొక్క ఎత్తున ఒక్కొక్క ఆకారమున్నచో సుడులు ఒక తాళమునకు రాజాలవు. వాషింగ్టన్ ప్రదర్శనములో సుమారు 17న్నర అడుగుల ఎత్తున నిలిచిన బుర్జ్ నమూనా చుట్టును తిరిగి చూచినవారికి, ఛాయాచిత్రములలో తెలియని ఆ మెట్ల క్రమము కన్నులకు కట్టినట్లుండును.

చికాగో నగరపు సియర్స్ టవరు మరియొక ఉదాహరణము. 2009 నుండి దీనిని విల్లిస్ టవరని పిలుచుచున్నారు. దీని నిర్మాణమునకు ఆలోచన చేసిన ఇంజనీరు ఫజ్లుర్ రహమాన్ ఖాన్ 1929లో ఢాకాలో జన్మించినవాడు. అతడు తొమ్మిది చదరపు గొట్టములను మూడు వరుసలుగా ప్రక్కప్రక్కన నిలిపి ఒక మోపుగా కట్టినాడు. రెండు గొట్టములు 50వ అంతస్తుతోను, రెండు 66వ అంతస్తుతోను, మూడు 90వ అంతస్తుతోను ఆగిపోవును. మిగిలిన రెండు 110వ అంతస్తు వరకు పోవును. ఒక చీపురుపుల్ల సులభముగా విరుగును, చీపురుకట్ట విరుగదు. గాలికి ఎదురు నిలుచు ఉపాయము ఇదియే. టక్కర్ రూపకల్పన చేయగా 2008లో అమ్మకమునకు వచ్చిన చిన్న పెట్టెలో ఈ టవరు నమూనా కలదు. అందలి ముక్కలు డెబ్బదికి మించవు. అయినను ఈ గొట్టముల మోపు అందు స్పష్టముగా తెలియును. పెద్ద నమూనా చేయలేని బోధ అరచేతిలో పట్టు నమూనా చేయగలదనుటకు ఇది నిదర్శనము.

బరువు పలుకనిచోట

ఇక లోపము. నమూనా తన రూపముతో నిజమే చెప్పును. తన నిలకడతో అబద్ధము చెప్పును. ఈ సంగతిని 1638లో ప్రచురితమైన గ్రంథములో గెలీలియో వివరించినాడు. ఒక కట్టడమును అన్ని దిక్కులను పదిరెట్లు పెంచినామనుకొందము. స్తంభము అడ్డుకోత వైశాల్యము నూరు రెట్లగును. కావున అది మోయగల బరువు నూరు రెట్లగును. కాని కట్టడము ఘనపరిమాణము వేయి రెట్లు పెరుగుటచే బరువు వేయి రెట్లగును. అనగా ప్రతి చదరపు సెంటీమీటరుపై పడు భారము పదిరెట్లు హెచ్చినది. చిన్నదానిలో హాయిగా నిలిచిన రూపమే పెద్దదానిలో కూలవచ్చును. ఇసుక గూడు ఇల్లు కాలేకపోవుటకు కారణమిదియే.

వాషింగ్టన్‌లో ప్రదర్శింపబడిన "ఫాలింగ్ వాటర్" అను ఇంటి నమూనాను ఈ దృష్టితో చూడవలెను. ఫ్రాంక్ లాయిడ్ రైట్ 1935లో రూపొందించిన ఈ ఇల్లు పెన్సిల్వేనియా రాష్ట్రమున ఒక జలపాతముపై నున్నది. దాని కాంక్రీటు వసారాలు, మన కిటికీలపై సజ్జవలె, ఒక వైపు మాత్రమే ఆధారము కలిగి గాలిలోనికి పొడుచుకొని వచ్చును. చూపరులకు ఇది అద్భుతము. ఇంజనీర్లకు ఇది దిగులు. కాలక్రమమున ఆ వసారాలు సుమారు 15 అడుగుల పొడవులో 7 అంగుళముల వరకు క్రిందికి వంగినవి. 1997లో తాత్కాలికముగా ఊతములు పెట్టిరి. 2002లో ఉక్కు తీగలను బిగించి వసారాలను బలపరచిరి.

ఆట ఇటుకల వసారా ఇట్లు వంగదు. అది రైట్ కన్న మంచి లెక్క వలన వచ్చిన బలము కాదు. చిన్నతనము వలన వచ్చిన బలము. సాగుడు సూత్రముల ప్రకారము, అదే పదార్థముతో నూరవ వంతు నమూనా చేసినచో, తన బరువుకు తాను వంగు వంపు పదివేలవ వంతగును. ఏడు అంగుళముల వంపు తలవెండ్రుక మందము కన్న తక్కువగును. కావున ఆ ఇంటి జీవితములోని ముఖ్య ఘట్టమును నమూనా ఎన్నటికిని చూపలేదు. దాని ప్రక్కన వంగిన వసారా కథ చెప్పుట మ్యూజియము పని; పాఠశాలలో ఉపాధ్యాయుని పని.

పూర్ణప్రమాణమున బరువు ఎంత ముఖ్యమో తెలిసికొనుటకు మనకు దూరము పోనక్కరలేదు. పాలంపేటలోని రామప్ప దేవాలయమును 1213లో కట్టిరి. 2021లో అది యునెస్కో ప్రపంచ వారసత్వపు జాబితాలో చేరినది. దాని శిఖరమునకు వాడిన ఇటుకలు నీటిపై తేలునంత తేలికైనవి. ఆ కాలపు స్థపతులు క్రింది రాతి కట్టడముపై భారమును తగ్గించుటకు ఎంచుకొన్న మార్గమది. నమూనాలో ఇటుక తేలికైనను బరువైనను తేడా తెలియదు; గుడిలో తెలియును.

వంతెన, కమాను, పిరమిడ్

చికాగో ప్రదర్శనమునకు తలమానికము 60 అడుగుల పొడవు గల గోల్డెన్ గేట్ వంతెన. దానికి 64,500 ఇటుకలు పట్టినవి. కన్నుల పండువగా నుండు పని అనుటలో సందేహము లేదు. కాని ప్రదర్శనము మొత్తములో ఆట ఇటుక స్వభావమునకు ఎక్కువ విరుద్ధమైనది ఇదియే. 1937లో ప్రారంభమైన అసలు వంతెన రెండు గోపురముల నడుమ 1,280 మీటర్ల దూరమును దాటును. బాట క్రింది నుండి మోయబడుట లేదు. పై నుండి వ్రేలాడుచున్నది. దానిని మోయు రెండు పెద్ద త్రాళ్ళలో ఒక్కొక్కదానియందు 27,572 ఉక్కు తీగలు కలవు. ఆ తీగలన్నియు లాగబడుచుండును. ఆట ఇటుక నొక్కుడుకు గట్టిది, లాగుడుకు బలహీనమైనది. బొడిపెల పట్టు చేతితో ఊడదీయదగినంతయే గదా! కావున లాగుడుపై బ్రతుకు వంతెనను నొక్కుడుపై బ్రతుకు వస్తువుతో చూపినప్పుడు, రూపము వచ్చును గాని రహస్యము రాదు. రెండు కుర్చీల నడుమ కట్టిన నులకత్రాడు ఈ విషయమున అరువది అడుగుల నమూనా కన్న మంచి గురువు.

ఈ వంతెన కథలో మరియొక పాఠము కలదు. ప్రధాన ఇంజనీరుగా కీర్తి జోసెఫ్ స్ట్రాస్‌కు దక్కినది. గోపురములు, త్రాళ్ళు మోయు భారమును నెలల తరబడి లెక్క కట్టిన చార్లెస్ ఎల్లిస్‌ను పని ముగియక ముందే తొలగించిరి. ఆయన పేరు మరుగున పడినది. వంతెన యాజమాన్య సంస్థ ఆయన కృషిని అధికారికముగా గుర్తించినది 2007లో మాత్రమే. కంటికి కనిపించు రూపమును మెచ్చి, కంటికి కనిపించని లెక్కను మరచుట లోకరీతి. విజ్ఞాన ప్రదర్శనము ఆ రీతిని సరిదిద్దవలెను గాని అనుసరింపరాదు.

చికాగోలో రోము నగరపు కొలోసియమును, గీజాలోని గొప్ప పిరమిడును కూడ చూపిరి. ఇచ్చట విమర్శ కొంత సూక్ష్మమైనది. రాతి కట్టడములలో రాయి నలిగిపోవుట అరుదు. సమతూకము తప్పి దొర్లిపోవుట ఎక్కువ. సమతూకము జ్యామితికి సంబంధించిన విషయము. అది పరిమాణముతో మారదు. కనుకనే స్పెయిన్ దేశపు వాస్తుశిల్పి గౌడీ త్రాళ్ళను, చిన్న బరువుల సంచులను వ్రేలాడదీసి, ఆ వంపును తలక్రిందులుగా ఊహించి కమానుల ఆకారము నిర్ణయించగలిగినాడు. వ్రేలాడు గొలుసును తలక్రిందులు చేసినచో నిలుచు కమాను వచ్చునని 1675లోనే రాబర్ట్ హుక్ సూచించెను. అనగా బరువును గురించి కూడ నిజము చెప్పు నమూనాలు కలవు.

కొలోసియము కమానులలో రాళ్ళు ఒకదానినొకటి నెట్టుకొనుచు నిలుచును. నడిమి రాయిని తీసినచో తక్కినవి కూలును. ఆట ఇటుకలలోనో, బొడిపెల పట్టు వలన ఇటుకలు అంటుకొని యుండును. నడిమి ముక్క తీసినను ప్రక్కవి కదలకపోవచ్చును. ఆ ఇటుకకు ఏది గొప్ప గుణమో అదియే ఇచ్చట దోషమైనది. వడ్రంగి కోసి ఇచ్చిన పట్టులేని కొయ్య ముక్కలతో కట్టిన కమాను, చిన్నదైనను, కొలోసియమునకు నిజమైన బంధువు. పిరమిడ్ సంగతి వేరు. అది అసలే గుట్టవలె పేర్చిన రాశి. ఆట ఇటుకలకు దానితో పేచీ లేదు.

అన్నింటికన్న వింతైనది అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రపు నమూనా. అసలు కేంద్రము భూమికి సుమారు 400 కిలోమీటర్ల ఎత్తున, భూమి ఆకర్షణకు లోబడి నిరంతరము పడుచునే తిరుగుచున్నది. కావున తన బరువును తాను మోయవలసిన పని దానికి లేదు. దాని నమూనాకు మాత్రము మ్యూజియములో ఆధారము కావలెను. వసారా నమూనా అసలు కన్న బలమైనది. ఈ నమూనాకు అసలునకు లేని చిక్కు వచ్చినది. ఈ రెండింటిని ప్రక్కప్రక్కన పెట్టి బరువును గురించి ప్రశ్నించినచో అదియొక చక్కని పాఠమై యుండును.

ఎంత ఎత్తు కట్టవచ్చును?

ఆట ఇటుకలను ఒకదానిపై నొకటి పేర్చుకొనుచు పోయినచో అడుగు ఇటుక ఎప్పుడు నలుగును? బ్రిటన్‌లోని ఓపెన్ యూనివర్సిటీ ప్రయోగశాలలో 2012లో దీనిని పరీక్షించిరి. నాలుగు బొడిపెల ఇటుక సుమారు 432 కిలోల బరువు వరకు ఓర్చినది. ఈ లెక్కన 3,75,000 ఇటుకలను, అనగా సుమారు మూడున్నర కిలోమీటర్ల ఎత్తు వరకు పేర్చవచ్చును. బుర్జ్ ఖలీఫాకు ఇది నాలుగింతలు!

కాని ఇట్టి స్తంభమును ఎవరును కట్టలేరు. నలుగుటకు ఎంతో ముందుగనే అది ప్రక్కకు వంగి పడిపోవును. సన్నని చీపురుపుల్లను నిలువుగా పట్టి పై నుండి నొక్కినచో అది నలుగదు, విల్లువలె వంగును. పొడవైన స్తంభములు ఇట్లు వంగు బరువును లెక్కించు మార్గమును 18వ శతాబ్దమున ఆయిలర్ కనుగొనెను. పదార్థము బలము ఒకటి, కట్టడము బలము మరియొకటి. ఆట ఇటుకలు చక్కగా చెప్పగల ఈ పాఠమును, మహాసౌధముల వరుసలో చేతికందని నమూనా చెప్పలేదు. పిల్లల చేతిలో పెట్టిన ఇటుక చెప్పును. వాషింగ్టన్ మ్యూజియమువారు సందర్శకులు స్వయముగా కట్టి చూచుటకు వేరొక గది ఏర్పరచిరి. విజ్ఞాన దృష్టితో చూచినచో ఆ గదియే ప్రదర్శనమునకు గుండెకాయ.

ఈ ప్రదర్శనములకు నిలయమైన మ్యూజియములలో ఒకటి స్వయముగా ఈ పాఠమునే చెప్పుచున్నది. చికాగో మ్యూజియము భవనము 1893 నాటి ప్రపంచ ప్రదర్శనము కొరకు కట్టినది. లోపలి గోడలు ఇటుకవి. పైపూత అలంకారమంతయు తాత్కాలికమైన గచ్చుపని. కాలము గడచినకొలది ఆ గచ్చు పెళ్ళలుగా రాలినది. తరువాత అదే రూపమును రాతితో మరల చేసిరి. 1933లో అందు మ్యూజియము వెలసినది. రూపము మారలేదు; పదార్థము మారగా ఆయుర్దాయము మారినది. ఆ వాకిలి దాటి లోపలికి పోయినవారు ప్లాస్టిక్కు సౌధములను చూచిరి.

తరగతిలో చేయదగినవి

ఈ విమర్శ సారమును మన పాఠశాలలలో ఖర్చు లేకుండ చూపవచ్చును. ఒకటి: ఒకే విధమైన నాలుగు పుస్తకములను బల్ల అంచున పేర్చుడు. పైదానిని దాని క్రిందిదానిపై నుండి సగము, రెండవదానిని నాలుగవ వంతు, మూడవదానిని ఆరవ వంతు, అడుగుదానిని బల్లపై నుండి ఎనిమిదవ వంతు ముందుకు జరుపవలెను. ఈ భిన్నములను కూడినచో ఒకటి కన్న కొంచెము ఎక్కువ వచ్చును. అనగా పై పుస్తకము పూర్తిగా బల్ల దాటి గాలిలో నుండును. చేతి వణుకునకు చోటిచ్చుటకు ప్రతిసారి కొంచెము తగ్గించి, ఐదవ పుస్తకము కలుపుట మంచిది. బొడిపెలు లేని వస్తువులలో గురుత్వ కేంద్రమే యజమాని యని దీనివలన తెలియును.

రెండు: బంకమట్టితో ఒక సన్నని కడ్డీని చేసి ఒక కొనను పట్టుకొనుడు. అన్ని కొలతలను రెట్టింపు చేసి మరియొకటి చేయుడు. పెద్దది తన పొడవును బట్టి చూచినను ఎక్కువ వంగును. ఫాలింగ్ వాటర్ కథ అంతయు ఈ మట్టి కడ్డీలో కలదు. మూడు: గోడపై రెండు మేకుల నడుమ గొలుసును వ్రేలాడదీసి, దాని వంపును కాగితముపై గీసి, కాగితమును తలక్రిందులు చేయుడు. అట్ట ముక్కలను ఆ గీత వెంబడి కత్తిరించి పేర్చినచో కమాను రహస్యము విద్యార్థులకు బోధపడును.

మొత్తము మీద ఈ ప్రదర్శనములను నిందింప పనిలేదు. ఒక బాలుడు బుర్జ్ ఖలీఫా చుట్టు తిరిగి, దాని మెట్లను లెక్కించి, ఎందుకిట్లున్నదని అడిగినచో, ఆ ఒక్క ప్రశ్నతోనే టక్కర్ శ్రమ ఫలించినట్లు. కాని ప్రశ్న పుట్టించుట ఒకటి, తప్పుడు సమాధానము ఇచ్చి పంపుట మరియొకటి. నమూనా నిలిచినది గనుక పెద్దదియు నిలుచునను భావముతో పిల్లవాడు తిరిగివచ్చినచో, రేపు వాడు ఇల్లు కట్టునప్పుడు సజ్జ పొడవును, స్తంభము మందమును కంటితో నిర్ణయించును. దాని ఫలితమును ఆ ఇంటివారు అనుభవింతురు.

కావున ఇకముందు ఇట్టి ప్రదర్శనములు ఏర్పాటు చేయువారు ప్రతి నమూనా ప్రక్కన ఒక చిన్న బల్లను వేసి, అసలు కట్టడము ఏ బలముతో నిలిచినదో చేతితో నొక్కి, లాగి, వంచి చూచుటకు సాధనము నొకదానిని ఉంచవలెను. వంతెన ప్రక్కన త్రాడు, కొలోసియము ప్రక్కన పట్టులేని కొయ్య ముక్కలు, వసారా ప్రక్కన మెత్తని కడ్డీ. ఖర్చు స్వల్పము. పిచ్చుకగూడు కూలినప్పుడు పిల్లలు ఇసుకను మరికొంచెము తడిపి, మరల కట్టి చూతురు. ఆ కూలుటకును మరల కట్టుటకును మ్యూజియములో కూడ చోటుండవలెను.